సీమంతం అయిపోయింది, ఇల్లు మాత్రం రెడీ కాలేదు – నెస్టింగ్ పార్టీ ఎవరైనా పెట్టారా?

అనూష_ఇర్వింగ్ · శనివారం రాత్రి

అందరికీ నమస్కారం. మేముండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. మా ఫ్రెండ్‌కి ఇప్పుడు 33వ వారం, మొదటి కాన్పు. ఏడో నెలలో సీమంతం బ్రహ్మాండంగా చేశాం. గాజులు, చలిమిడి, ఫొటోలు అన్నీ అయ్యాయి. గిఫ్ట్‌గా వచ్చిన బేబీ డ్రెస్సులే 47. నిన్న వాళ్లింటికి వెళ్తే ఆ 47 డ్రెస్సులూ ఇంకా కవర్లలోనే ఉన్నాయి. క్రిబ్ (పసిపిల్లల మంచం) డబ్బా తలుపు వెనక నిలబెట్టి ఉంది. ఫ్రిజ్ తెరిస్తే పెరుగు డబ్బా, సగం నిమ్మకాయ.

వాళ్లమ్మ వాళ్లకి వీసా స్లాట్ ఇంకా దొరకలేదు. అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది, ఇప్పట్లో విమానం ఎక్కలేరు. వాళ్లాయన మంచివాడే కానీ ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందట, రాత్రి పన్నెండు దాకా కాల్స్. "ఆ బట్టలు ఉతకాలి అనుకుంటూనే పొద్దు పోతోంది అనూ" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

నా ఆఫీసులో ఒకావిడ నెస్టింగ్ పార్టీ గురించి చెప్పింది. గిఫ్ట్‌లూ ఆటలూ ఏమీ ఉండవట. వచ్చినవాళ్లు తలా ఓ పని చేసిపెట్టి, భోంచేసి వెళ్తారట. రెండు వారాల తర్వాత శనివారం అలాంటిది పెడదామని ఉంది. ఏ పనులు పెట్టాలి? ఇంటికి పిలిచి పని చెప్తే మనవాళ్లు ఏమైనా అనుకుంటారా?

---

సుబ్బు_సిక్కోలు

ఏమీ అనుకోరండి. పని మాట రెండో లైన్లో రాసి, మొదటి లైన్లో బిర్యానీ అని రాయండి.

---

రవి_కరీంనగర్

పిలిచి పని చెప్పడం మనకేమన్నా కొత్తా? మా ఊళ్లో నాట్లప్పుడు బదులు పోయేవాళ్లు. ఇవాళ మీ పొలంలో మేము, రేపు మా పొలంలో మీరు. పెళ్లైతే పందిరి వేసేది ఊరివాళ్లే, పసుపు దంచేది ఊరివాళ్లే. మధ్యలో మనమే ఈవెంట్ మేనేజర్లకి అలవాటు పడ్డాం. పెట్టండి.

కాకపోతే ఒక అనుభవం చెప్తాను. మూడేళ్ల కింద మా దోస్తు ఇంట్లో క్రిబ్ బిగించడానికి నలుగురం మగవాళ్లం పోయినం. ఏసీ గాలి మంచిగా వస్తుందని హాల్లో కూర్చొని గంటన్నరలో బిగించినం, సెల్ఫీ కూడా దిగినం. బెడ్‌రూమ్‌లోకి తీసుకుపోతే తలుపులో పట్టలేదు. ఇక్కడి మామూలు సైజు క్రిబ్‌కి లోపలి కొలతే 28 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు. బయటి కొలత అంతకంటే ఎక్కువ. మళ్లీ మొత్తం విప్పినం. ఏ గదిలో ఉండాలో ఆ గదిలోనే బిగించండి.

---

లలిత_అమ్మమ్మ

అమ్మా అనూషా, నేను న్యూజెర్సీ ఎడిసన్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మాది తెనాలి దగ్గర. నీ మనసు మంచిది తల్లీ. కానీ పుట్టకముందే ఉయ్యాల కట్టి, బట్టలు సర్ది పెట్టడం మా ఇళ్లలో లేదు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని ఊరికే అన్నారా? మొదటి బట్ట కూడా కొత్తది వేసేవాళ్లం కాదు, ఇంట్లో పెద్దపిల్లల పాతది మెత్తగా ఉతికి వేసేవాళ్లం. నా ఇద్దరు పిల్లలకీ పురుడు పోసిన మంత్రసాని వచ్చాకే పాత చీరలు చింపి పొత్తిగుడ్డలు చేశారు.

ఆ అమ్మాయి తల్లికి ఇష్టమో కాదో ఒక్కసారి ఫోన్ చేసి కనుక్కో.

---

నర్స్_హైమ

లలిత గారూ, నమస్తే అండీ. అప్పట్లో ఇంట్లో పదిమంది ఆడవాళ్లు ఉండేవారు, నొప్పులు మొదలయ్యాక సర్దినా సరిపోయేది. ఇక్కడ ఆసుపత్రి నుంచి రెండో రోజో మూడో రోజో పంపించేస్తారు. కుట్లతో ఉన్న తల్లి, నిద్రలేని తండ్రి, ఇద్దరే ఇంటికొస్తారు. ముందు సర్దకపోతే కుదరదు.

అనూష గారూ, నేను ఒహాయోలో పసిపిల్లల వార్డులో పని చేస్తాను. మీరు కంగారు పడాల్సింది బట్టల సంఖ్య గురించి కాదు, బిడ్డ ఎక్కడ పడుకుంటుందో దాని గురించి. గట్టి పరుపు, దానికి బిగుతుగా తొడిగే ఒక్క షీట్, అంతే. దిండు, బొంత, బొమ్మలు ఏవీ వద్దు. బిడ్డను ప్రతిసారీ వెల్లకిలా పడుకోబెట్టాలి. కనీసం మొదటి ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే, కానీ వేరే పక్కలో. క్రిబ్ చుట్టూ కట్టే మెత్తటి బంపర్లు ఎవరైనా గిఫ్ట్ ఇచ్చి ఉంటే తీసేయండి. 2022లో వచ్చిన చట్టంతో వాటిని అమ్మడమే నిషేధించారు.

పరుపుకీ క్రిబ్ అంచుకీ మధ్య రెండు వేళ్ల కంటే ఎక్కువ పట్టేంత సందు ఉంటే ఆ పరుపు చిన్నదైనట్టు. కమ్మీల మధ్య సందు 2 3/8 అంగుళాలకి మించకూడదు, కూల్‌డ్రింక్ క్యాన్ దూరకూడదని గుర్తుపెట్టుకోండి.

---

లలిత_అమ్మమ్మ

ఆవాల దిండు కూడా వద్దా అమ్మా? తల గుండ్రంగా రావాలంటే అదేగా పెట్టేది. నేను మనవడికి కుట్టి తెచ్చాను కూడా.

---

నర్స్_హైమ

వద్దండీ, నిద్రలో అసలు వద్దు. మెలకువగా ఉన్నప్పుడు మన కళ్ల ముందు బోర్లా వేసి ఆడిస్తే తల వెనక భాగం చదును కాకుండా ఉంటుంది. దిండు దాచుకోండి, మీ చేత్తో కుట్టింది కదా.

---

పద్మ_ప్లేనో

క్రిబ్ సంగతి ఎవరో ఒకరు చూస్తారు. తిండి సంగతి నేను చెప్తాను, నాకు రెండు కాన్పులూ ఇక్కడే.

ఫ్రీజర్‌లో పెట్టడానికి అన్నీ పనికిరావు. బంగాళాదుంప కూర ఫ్రీజ్ చేసి తీస్తే ఇసుక తిన్నట్టు ఉంటుంది. మజ్జిగ పులుసు విరిగిపోతుంది. పప్పు మాత్రం బంగారం. బీరకాయ పప్పు, పాలకూర పప్పు, ఉత్త ముద్దపప్పు, ఏదైనా సరే పోపు పెట్టకుండా ఉడికించి, చల్లార్చి, జిప్ కవర్లలో ఒక్కో పూటకి సరిపడా పోసి, ట్రేలో పడుకోబెట్టి గడ్డకట్టించాలి. పలకల్లా తయారవుతాయి. తర్వాత పుస్తకాల్లా నిలబెట్టుకోవచ్చు, చిన్న ఫ్రీజర్‌లో కూడా ఇరవై పడతాయి. తినేముందు వేడి చేసి అప్పటికప్పుడు పోపు వేస్తే నిన్నటి పప్పని ఎవరూ అనరు. ఇడ్లీలు కూడా ఉడికించినవే ఫ్రీజ్ చేసి మళ్లీ ఆవిరి మీద పెడితే మెత్తగా వస్తాయి. చపాతీలు సగం కాల్చి, మధ్యలో బటర్ పేపర్ పెట్టండి.

రెండు మూడు నెలల లోపు తినేయాలి, ఆ తర్వాత రుచి చచ్చిపోతుంది. వండింది రెండు గంటలకి మించి బయట ఉంచొద్దు. ఆవేళ పది మంది వండినవి తెస్తుంటే గట్టు మీద గిన్నెలు మర్చిపోతారు, దానికోసమే ఒక మనిషిని పెట్టండి.

ఇంకో మాట. వాళ్లింట్లో వండొద్దు. ఎవరింట్లో వాళ్లు వండి గడ్డకట్టించి తెస్తే మంచిది. తొమ్మిదో నెలలో పోపు వాసన పడని వాళ్లుంటారు.

---

లలిత_అమ్మమ్మ

పద్మ చెప్పింది బాగుంది. బాలింతకి మొదటి పది రోజులు పప్పు కంటే కారప్పొడులు ముఖ్యం. వెల్లుల్లి కారం, కరివేపాకు పొడి, నువ్వుల పొడి, ఇవి ఫ్రీజర్ కూడా అడగవు. వేడన్నం, నెయ్యి, వెల్లుల్లి కారం పెడితే పాలు పడతాయని మా పెద్దవాళ్లు అనేవారు. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము దంచి బెల్లం, నెయ్యితో ఉండ కడతాం, మా వైపు కాయం అంటాం. అది నేను చేసి పోస్టులో పంపుతాను, అడ్రసు విడిగా మెసేజ్ పెట్టు. మంచినీళ్లు మాత్రం ఎక్కువ తాగనివ్వకండి, కాచి చల్లార్చినవి కొద్దికొద్దిగా.

---

నర్స్_హైమ

పొడులకి నా ఓటు కూడా. కాయం ఉండ కొద్దిగా తింటే పర్వాలేదు, ఒక్కమాట డాక్టర్‌కి చెప్పి. నీళ్ల దగ్గర మాత్రం లలిత గారితో ఒప్పుకోలేను. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ వేస్తుంది, దాహం వేసినంత తాగాల్సిందే. నెస్టింగ్ పార్టీలో నేనైతే పాలిచ్చే కుర్చీ పక్కన ఒక చిన్న బల్ల, దాని మీద పెద్ద నీళ్ల సీసా, ఫోన్ ఛార్జర్, తినడానికి నాలుగు ఖర్జూరాలు పెట్టే పని ఒకరికి అప్పజెప్తాను. ఐదు నిమిషాల పని, ఆరు నెలలు పనికొస్తుంది.

---

మౌని_సాన్‌హోజే

మూడ్ పాడుచేస్తున్నానేమో, అయినా చెప్పాలి. నా మొదటి కాన్పుకి ముందు ఫ్రెండ్స్ సరిగ్గా ఇదే చేశారు. సర్‌ప్రైజ్ అని నన్ను సినిమాకి పంపి, తాళం మా ఆయన దగ్గర తీసుకుని, ఇల్లంతా సర్దేశారు. ఇంటికొచ్చి చూస్తే అద్దంలా ఉంది. ఏడుపొచ్చింది, ఆనందంతోనే. తర్వాత ఆవాల డబ్బా కోసం వెతికాను. పోపుల పెట్టె స్టవ్ పక్కనే ఉండేది, పై అరలోకి ఎక్కించారు. తొమ్మిదో నెల పొట్టతో స్టూల్ ఎక్కాను. పాత చున్నీలు రెండు "గుడ్డపీలికలు" అనుకుని పారేశారు. అందులో ఒకటి మా నానమ్మది. ఇప్పటికీ వాళ్లకి చెప్పలేదు, వాళ్లు నా కోసం ఒక శనివారం మొత్తం పెట్టారు మరి.

సర్‌ప్రైజ్ చెయ్యకండి అనూష గారూ. ఏం పారేయాలో, ఏది ఎక్కడ పెట్టాలో ఆవిడే చెప్పాలి. ఆవిడ కుర్చీలో కూర్చుని వేలు చూపిస్తే చాలు.

---

అనూష_ఇర్వింగ్

మౌని గారూ, మంచి సమయానికి చెప్పారు. నేను సర్‌ప్రైజే అనుకున్నాను! రేపే తనతో కూర్చుని లిస్ట్ రాస్తాను.

లలిత అమ్మమ్మ గారూ, వాళ్లమ్మకి ఫోన్ చేశాను. మొదట మీలాగే అన్నారు. తర్వాత కాసేపు ఆగి, "నేను రాలేకపోతున్నాను, మీరైనా చెయ్యండమ్మా" అన్నారు. కానీ బిడ్డ పుట్టేదాకా ఖాళీ పరుపు పరిచి ఉంచొద్దన్నారు. ఏం చెయ్యాలో?

---

లలిత_అమ్మమ్మ

దానికేముంది, మంచం బిగించండి, పరుపు పరచకండి. గోడకి ఆనించి ఉంచండి. బట్టలు ఉతికి బీరువాలో పెట్టి తలుపు మూయండి. బిడ్డను తీసుకొచ్చే రోజు తండ్రి చేత్తో పరుపు వేయించండి. శాస్త్రానికి శాస్త్రం, మీ పనికి పని.

---

సుబ్బు_సిక్కోలు

అమ్మమ్మ గారు సుప్రీంకోర్టు.

---

కొండాపూర్_వాసి

మేము హైదరాబాద్‌లోనే ఉంటాం, ఈ థ్రెడ్ చదివి మా ఫ్లాట్‌లోనూ చేశాం, చిన్నగా. మా చెల్లెలు పుట్టింటికి వెళ్లకుండా ఇక్కడే డెలివరీ అంది. మాకు క్రిబ్‌ల గొడవ లేదు, దోమల గొడవ. మా తమ్ముడు కిటికీలన్నిటికీ మెష్ కొట్టాడు, మేమిద్దరం వాటర్ ట్యాంక్, బాల్కనీ కుండీల కింద ప్లేట్లలో నిలిచిన నీళ్లు పారబోశాం. గీజర్ మరీ మరిగిపోతోందని ఎలక్ట్రీషియన్‌ని పిలిచి తగ్గించాం. అంతే, మధ్యాహ్నానికి అయిపోయింది.

---

రవి_కరీంనగర్

గీజర్ అంటే గుర్తొచ్చింది. అనూష గారూ, ఇక్కడ కూడా వాటర్ హీటర్ 120 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకుండా పెట్టించండి. అపార్ట్‌మెంట్ అయితే ఆఫీసు వాళ్లకి మెయింటెనెన్స్ రిక్వెస్ట్ పెట్టాలి. స్మోక్ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ నొక్కి చూడండి, బ్యాటరీ అయిపోతే అది అర్ధరాత్రే కూస్తుంది. డ్రెస్సర్ (సొరుగుల బీరువా) లాంటివి గోడకి పట్టీలతో బిగించండి. ఆ పట్టీలు డబ్బాలోనే వస్తాయి, అందరూ పక్కన పడేస్తారు. అద్దె ఇల్లైతే గోడకి రంధ్రం వేసేముందు అడగండి.

పాత క్రిబ్ ఇస్తామని ఎవరైనా అంటే, పక్క కిందికి జారే రకమేమో చూడండి. అలాంటివి ఇక్కడ 2011 జూన్ నుంచి అమ్మడానికి లేదు. ఫ్రీ కదా అని తెచ్చుకోవద్దు.

---

లలిత_అమ్మమ్మ

అలారం అంటే నాకూ గుర్తొచ్చింది. మనవడికి నీళ్లు పోశాక సాంబ్రాణి వేశాను. ఇల్లంతా కుయ్యోమని మోగింది. మా అల్లుడు తువ్వాలు ఊపుతూ పరిగెత్తాడు. పది నిమిషాల్లో కింద ఫైరింజను. నా చేతిలో ధూపం గిన్నె, ఎదురుగా హెల్మెట్లు పెట్టుకున్న ముగ్గురు అబ్బాయిలు. ఒకతను "స్మెల్స్ నైస్" అన్నాడు పాపం. పొగ పసివాళ్ల ఊపిరితిత్తులకి మంచిది కాదని అప్పుడే మా అమ్మాయి చెప్పింది. ఇప్పుడు వెయ్యడం లేదు.

---

నర్స్_హైమ

😄 మీ అమ్మాయి చెప్పింది నిజం. కాటుక కూడా లిస్టులోంచి తీసేయండి, కొన్నిటిలో సీసం ఉంటుంది. బిడ్డ నాలిక మీద తేనె రాయడం ఏడాది నిండేదాకా వద్దు.

బిడ్డని కారులో కూర్చోబెట్టే కార్ సీట్ గురించి ఎవరూ అనలేదేమిటి? అది లేకుండా ఆసుపత్రి నుంచి బిడ్డను కారులో తీసుకెళ్లలేరు. వెనక సీట్లో, వెనక్కి తిప్పి బిగించాలి. బెల్ట్ దూరే చోట పట్టుకుని ఊపితే ఒక అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు. ఛాతీ క్లిప్ చంకల ఎత్తులో ఉండాలి. ఎవరైనా వాడినది ఇస్తే ఎక్స్‌పైరీ తేదీ, యాక్సిడెంట్ అయిందా అన్నది రెండూ అడగండి. చాలా ఊళ్లలో శిక్షణ పొందిన టెక్నీషియన్లు చూసిపెడతారు, ముందే అపాయింట్‌మెంట్ తీసుకోండి. పార్టీ రోజున బిగించి, తర్వాతి వారం వాళ్లకి చూపించండి.

వచ్చే జనంలో దగ్గు, జలుబు ఉన్నవాళ్లని మొహమాటం లేకుండా వద్దనండి.

---

పద్మ_ప్లేనో

కాగితాల పని ఒకరికి ఇవ్వండి. పనులన్నిట్లో ఇదే అందరూ మర్చిపోయేది. చాలా ఆఫీసు ఇన్సూరెన్స్‌లలో పుట్టిన 30 రోజుల్లోపు బిడ్డ పేరు చేర్చాలి. మేము 26వ రోజున గుర్తొచ్చి పరిగెత్తాం. ఆ తేదీ ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాలతో అంటించమనండి. బ్రెస్ట్ పంప్ కూడా చాలా ఇన్సూరెన్స్‌లలో వస్తుంది, కనుక్కోకుండా డబ్బు పెట్టి కొనకండి.

---

అనూష_ఇర్వింగ్ · పదహారు రోజుల తర్వాత

అయిపోయింది! ఇదిగో రిపోర్ట్.

మొత్తం తొమ్మిది మందిని పిలిస్తే ఏడుగురు వచ్చారు, ఒకరు జలుబని ఆగిపోయారు. పది గంటలకి మొదలుపెట్టి రెండున్నరకి భోజనాలు. తను ముందే రాసిచ్చిన లిస్టులో 14 పనులు ఉన్నాయి, చీటీలు చేసి తలుపు మీద అంటించాం, ఎవరికి నచ్చింది వాళ్లు పీక్కున్నారు. బాత్రూమ్ చీటీ చివరిదాకా అలాగే ఉంది. చివరికి సంధ్య వాళ్లాయన తీసుకున్నాడు, ఆయన మీద గౌరవం పెరిగిపోయింది. బ్లీచ్, అమోనియా కలపొద్దని సీసాల మీద చదివి మరీ వేరువేరుగా వాడాడు.

మా ఫ్రెండ్‌ని సోఫాలో కూర్చోబెట్టాం. మొదటి అరగంట ఊరికే లేచేది, "అయ్యో నేను తీస్తాను" అంటూ. ఒళ్లో 47 డ్రెస్సులు పోసి సైజుల ప్రకారం విడదీయమన్నాం. అందులో 31 మూడు నెలల లోపు సైజువే! ట్యాగులు కత్తిరించకుండా సగం పక్కన పెట్టింది, మార్చి పెద్ద సైజులు తీసుకుంటుందట. మిగతావి వాసన లేని డిటర్జెంట్‌తో రెండు లోడ్లు వేశాం. ఆ బుజ్జి సాక్సులు మడతపెడుతూ అందరం కాసేపు పని ఆపేశాం, చెప్పొద్దూ.

ఫ్రీజర్‌లో ఇప్పుడు 18 పప్పు పలకలు, 40 ఇడ్లీలు, 30 చపాతీలు ఉన్నాయి. లేబుల్స్ దగ్గర ఒక గొడవ. మేము తెలుగులో రాశాం. వాళ్లాయన బెంగళూరులో పుట్టి పెరిగాడు, తెలుగు చదవడం రాదు. మళ్లీ రాయాలా అనుకుంటుంటే కన్నడ అక్షరాలతో పోల్చుకుని "బీ...ర...కా...య" అని చదివేశాడు. తలకట్టు దగ్గర మాత్రం తికమక పడ్డాడు. అలాగే వదిలేశాం.

లలిత అమ్మమ్మ గారి కాయం డబ్బా గురువారమే వచ్చింది. మూత తీయగానే తను వాసన చూసి, "మా అమ్మమ్మ గది" అంది. ఇంకేమీ మాట్లాడలేదు.

మౌని గారూ, పోపుల పెట్టె కదపలేదు. ఒక్క గిన్నె కూడా కదపలేదు.

పరుపు కవర్‌తో సహా గోడకి ఆనించి ఉంది.

క్రిబ్ బెడ్‌రూమ్‌లోనే బిగించాం. ఇప్పుడు ఒక డౌట్. బిగించడం అయ్యాక రెండు మరలు, ఒక చెక్క పిన్ను మిగిలాయి. క్రిబ్ ఊపితే గట్టిగానే ఉంది. రవి గారూ, స్పేర్‌గా ఇస్తారా ఇవి?

---

రవి_కరీంనగర్

కొన్ని కంపెనీలు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. మాన్యువల్ మొదట్లో విడిభాగాల లెక్క ఉంటుంది. డబ్బాలో ఎన్ని వచ్చాయో, అందులో ఎన్ని వాడాలో సరిచూడండి. ఎన్ని వాడాలన్నారో అన్నీ వాడినట్టు తేలేదాకా ఆ పరుపు గోడకే ఉండనీయండి. ఫొటో పెట్టండి, పరుపు ఆనే అడుగు ఫ్రేమ్ నాలుగు మూలలూ కనపడాలి.

---

అనూష_ఇర్వింగ్

లెక్క చూశాం. మరలు రెండూ స్పేర్. చెక్క పిన్ను కాదు, ఎడమ పక్క కింది కమ్మీది! ఇప్పుడే వాళ్లాయన అలెన్ కీతో నేల మీద పడుకుని ఉన్నాడు. తను పైనుంచి టార్చ్ పట్టుకుని ఇంకొంచెం ఎడమకి, ఇంకొంచెం ఎడమకి అంటోంది.

---

సుబ్బు_సిక్కోలు

బిర్యానీ సంగతి ఎవరూ చెప్పలేదు.

---

అనూష_ఇర్వింగ్

మిగల్లేదండి.